నా నెత్తికెక్కిన పూత

నేను ఒక సిమెంటు నేలని. కాకినాడలో, సముద్రం మీది ఉప్పుగాలి నేరుగా వచ్చే ఒక వీధిలో, ఒక డాబా ఇంటి కారుషెడ్డులో పడి ఉంటాను. నేలలన్నీ పడే ఉంటాయనుకోండి. కానీ కొన్ని నేలలు పడి ఉండి కూడా మహారాణుల్లా వెలిగిపోతాయి. ఆ బాధే చెప్పుకుందామని మొదలుపెట్టాను. నాకు అసూయ ఎక్కువ. తర్వాత మీరు ముక్కు మీద వేలేసుకోకుండా ముందే చెప్పేస్తున్నాను.

నన్ను పోసిన మేస్త్రి ముందు హాలు పని పూర్తిచేశాడు. అక్కడ రంగురంగుల మొజాయిక్ పోసి, మిషను పెట్టి, నీళ్ళు పోస్తూ రోజుల తరబడి నున్నగా అరగదీశాడు. ఆ పైన మిగిలిన కంకర, మిగిలిన సిమెంటు, సాయంత్రానికి అతనిలో మిగిలిన ఓపిక కలిపి నన్ను పోశాడు. తాపీతో అటూ ఇటూ రెండు తిప్పులు తిప్పి, "షెడ్డే కదా" అని చేతులు కడుక్కున్నాడు. పుట్టగానే నా చెవిన పడిన మొదటి మాట అదే. నీళ్ళు కట్టే మనిషి కూడా హాలుకి పొద్దునా సాయంత్రం తడిపి, గుర్తొచ్చిన రోజున నా మీద ఒక బక్కెట్టు కుమ్మరించేవాడు.

హాలంటే నాకు మొదటినుంచీ ఒళ్ళు మంటే. దాన్ని రోజూ ఫినాయిలు వేసి తుడుస్తారు. తుడిచాక ఆరేదాకా ఎవరినీ తొక్కనివ్వరు, ఫ్యాను కూడా వేస్తారు. చుట్టాలొస్తే గుమ్మం దగ్గర చెప్పులు విప్పి, గుడిలోకి వెళ్ళినట్టు లోపలికి వెళతారు. బాగానే ఉంది, కానీ ఆ విప్పిన చెప్పులు ఎక్కడుంటాయో ఎవరైనా ఆలోచించారా? నా మీద. పెళ్ళిపిలుపులకి వచ్చినవాళ్ళవీ, పలకరింపులకి వచ్చినవాళ్ళవీ, పేడ తొక్కి వచ్చినవాళ్ళవీ, అన్నీ నా మీదే.

ఇల్లు కట్టించిన గంగరాజు ధాన్యం వ్యాపారి. ఆయనకో తెల్లటి అంబాసిడరు ఉండేది. దాన్ని పసిబిడ్డకి పోసినట్టు రోజూ నీళ్ళు పోసి కడిగించేవాడు. ఆ మురికినీళ్ళు నా మీద నుంచే కాలువలోకి పోయేవి. అది మాత్రం నిలబడ్డ చోటల్లా నూనె కార్చేది. దసరాకి కారుకి పసుపు, కుంకుమ, బంతిపూల దండ. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి తొక్కించేవారు. దండ కారుకి, పులుపు నాకు. నిమ్మరసం పడితే సిమెంటు ఎంత మండిపోతుందో ఆ పూజ చేసిన పంతులుగారికేం తెలుసు? గంగరాజు వ్యాపారం మండపేటకి మార్చుకుని ఇల్లు అమ్మేశాడు. పోతూ పోతూ హాలు గోడలకేసి ఒకసారి తనివితీరా చూసుకున్నాడు. నా మీద నుంచి కారు తీసుకుని వెళ్ళిపోయాడు.

కొన్నవాడు సూర్యప్రకాశం. రేవు ఆఫీసులో ఉద్యోగం. భార్య హైమావతి, ఒక్కతే కూతురు ప్రసూన. ఆ పిల్లకి ఊహ తెలియని వయసులో జ్వరం తగిలి ఎడమకాలు చచ్చుబడిపోయింది. చంకలో కర్రతో నడుస్తుంది. ఈ ఇంటికి వచ్చినప్పుడు గౌను వేసుకుని తిరిగేది. ఇప్పుడు జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతుంది. వెనక అదనంగా రెండు చక్రాలు బిగించిన స్కూటరు మీద తనే వెళుతుంది, తనే వస్తుంది. ఆ ఇంట్లో ఎవరు ఏం కొనుక్కున్నా, ఎక్కడికి వెళ్ళినా ఆమెకి పట్టేది కాదు. పొద్దున్నే షెడ్డు తలుపు తీసి, ఎవరి చెయ్యీ పట్టుకోకుండా స్కూటరెక్కి వెళ్ళిపోవడం ఒక్కటే ఆమెకి కావాలి. ఆ ఒక్కటీ ఉంటే ఆమెకి లోకమంతా ఉన్నట్టే.

నాకు గర్వమంటూ ఒకటుంటే ఆమె వల్లే. హాల్లో నున్నటి మొజాయిక్ మీద ఆమె కుర్చీలూ బల్లలూ పట్టుకుని నడిచేది. నా మీదకి వచ్చాక కర్ర చాలు. స్కూటరు దిగి గోడ పక్కగా వచ్చేది. సగం దూరంలో ఆగి గోడకి చెయ్యి ఆనించి కాసేపు నిలబడేది. మొజాయిక్ మీద ఎవరూ ఊరికే అలా నిలబడగా నేను వినలేదు. నా మీద మమకారం కొద్దీ ఆగుతోందనుకునేదాన్ని.

ఇంతలో తోడల్లుడు ఇల్లు కట్టాడు.

హైమావతి అక్కగారి భర్త రంగనాయకులు. రాజమండ్రిలో ఉంటాడు. ఆయన గృహప్రవేశానికి ముగ్గురూ వెళ్ళొచ్చారు. తిరిగొచ్చి కారు దిగగానే సూర్యప్రకాశం నన్ను చూశాడు. నన్ను అంత పరీక్షగా ఆయన చూడటం అదే మొదటిసారి. ఆ చూపు మంచి చూపు కాదు.

"మీ బావగారి షెడ్డు చూశావా హైమా? అందులో లైటు వేస్తే కింద కూడా ఇంకో లైటు వెలుగుతోంది."

"చూశానండి. ఆయన చూపించకుండా వదిలితే కదా. భోజనానికి కూర్చోకముందే తీసుకెళ్ళి చూపించాడు."

"కారు పెట్టేచోటు అలా ఉందంటే... మనం చూడు, గేదెల పాకలా పెట్టుకున్నాం."

గేదెల పాక! ఆ రాజమండ్రి నేలని నేను చూడలేదు. చూడాల్సిన అవసరం కూడా లేకపోయింది. వారం పాటు పొద్దున కాఫీ దగ్గర్నుంచీ దాని ముచ్చటే. ఆ వారంలో తోడల్లుడి మీద ఆయన ఎంత కుళ్ళుకున్నాడో, ఆ నేల మీద నేనూ అంతే కుళ్ళుకున్నాను. మా ఇద్దరికీ అంతకుముందు ఏనాడూ కుదరని స్నేహం ఆ కుళ్ళు దగ్గర కుదిరింది.

వీర్రాజు అనే కాంట్రాక్టరుని పిలిపించాడు. అతను నా మీద గొంతుక్కూర్చుని, అంబాసిడరు వదిలివెళ్ళిన నల్లటి మరకని గోటితో గీరి చూశాడు.

"మామూలు పెయింటు వేసుకోవచ్చండి. కానీ ఎండలో తిరిగొచ్చిన కారు ఆపారనుకోండి, ఆ వేడి టైరుకి అంటుకుని లేచొచ్చేస్తాదండి. టైల్స్ వేస్తే జాకీ ఎత్తిన చోట పగిలిపోతాయండి. ఎపాక్సీ అని రెండు మందులు కలిపి పూసే పూత ఉందండి, అదైతే గట్టిగా పట్టుకుంటాదండి. నూనె పడినా గుడ్డతో తుడిచేసుకోవచ్చు. గేటు దగ్గర ఎండ తగిలే చోట మాత్రం పచ్చబడిపోకుండా పైన ఇంకో కోటింగ్ కొట్టాలండి."

"మెరుస్తుందా?" అన్నాడు సూర్యప్రకాశం. అంతసేపు విన్నదాంట్లో ఆయనకి పుట్టిన సందేహం అదొక్కటే.

"ఆయ్, మెరవడమేంటండి! అద్దం అక్కర్లేదు, చూసి తల దువ్వుకోవచ్చు."

"మరక పడితే పోతుంది కదా?" అని హైమావతి ఒక్క మాట అడిగి, పోతుందన్నాక లోపలికి వెళ్ళిపోయింది. ప్రసూన ఆ సమయంలో కాలేజీలో ఉంది. సాయంత్రం వచ్చాక రంగు మాత్రం చెప్పారు, బూడిదరంగు అని. ఆమె ఏదో అనబోయింది. సూర్యప్రకాశం అప్పటికే రాజమండ్రికి ఫోను కలిపి, ఆ రంగు సంగతి తోడల్లుడికి చెబుతున్నాడు.

పూత వేసే ముందు నన్ను మిషను పెట్టి రుద్దారు. పైపొర అంతా ఊడగొట్టి, దుమ్ము పీల్చి, నన్ను పచ్చిగా వదిలారు. బాధగానే ఉంది. కానీ ఒక ముక్క నిజం చెప్పాలి, లోలోపల ముచ్చటగా కూడా ఉంది. ఇన్నేళ్ళకి నన్ను ముస్తాబు చేస్తున్నారనుకున్నాను. పెళ్ళికూతురిని చేసేముందు నలుగుపెట్టి రుద్దరూ, అలాగన్నమాట.

మర్నాడు శ్రావణ శుక్రవారం. మంచి ముహూర్తం చూసి పెట్టారు. వీర్రాజు మనుషులు రాకముందే హైమావతి లేచి షెడ్డులోకి వచ్చింది. నన్ను అలా బోడిగా చూసి ఆవిడ ప్రాణం ఒప్పలేదు. శుభమా అని పని మొదలుపెడుతూ నేల బోసిగా ఉంటే ఎలా? పసుపునీళ్ళు చల్లి, నా నడిమధ్య ఇంత పెద్ద పద్మం ముగ్గు వేసింది. నాలుగు మూలలా గీతలు లాగింది. నా బతుకులో నాకు పడిన మొదటి ముగ్గు అది. ఎంత పొంగిపోయానో! పచ్చిగా, దాహంగా ఉన్నానేమో, ఆ పసుపునీళ్ళూ ఆ ముగ్గుపిండీ కలిపి గటగటా తాగేశాను.

వీర్రాజు వచ్చి చూసి నాలుక్కరుచుకున్నాడు. "అమ్మగారూ, ఇదేంటండి? నేల పొడిగా ఉండాలి కదండీ. ఇది ఆరాలంటే ఇవాళ అవదు."

"ముగ్గు లేకుండా ఏ పనైనా మొదలెడతామా నాయనా?" అంది ఆవిడ.

"ముహూర్తం దాటిపోతోంది వీర్రాజూ. కాసిన్ని నీళ్ళేగా, చీపురుతో ఊడ్చి కానిచ్చెయ్" అన్నాడు సూర్యప్రకాశం. వీర్రాజు రెండు క్షణాలు నన్నూ ఆయన్నీ మార్చి మార్చి చూసి, ఊడ్చి కానిచ్చేశాడు.

పూత ఆరాక ఇల్లంతా వచ్చి నిలబడింది. నిజంగానే కింద ఇంకో లైటు వెలిగింది. సూర్యప్రకాశం మీసం దువ్వుకున్నాడు. పక్కింటివాళ్ళని పిలిచి చూపించారు. "అబ్బ, ఎంత బాగుందో!" అన్నారందరూ. నా నెత్తి మీద నిలబడి దాన్ని మెచ్చుకున్నారు. అప్పుడు తెలిసింది నాకు, ముస్తాబు నాకు కాదని. నన్ను కప్పేసి, నా మీద ఇంకోదాన్ని కూర్చోబెట్టారు. అన్నిటికన్నా మండింది ఎక్కడో తెలుసా? ఆ మర్నాటి నుంచి చెప్పులు గేటు బయట విప్పడం మొదలుపెట్టారు. ఇన్నేళ్ళు ఊరందరి చెప్పులూ మోసింది నేను. మర్యాద మొన్న వచ్చినదానికి.

నాలుగు రోజులకి వాన పట్టుకుంది. ప్రసూన తడుస్తూ కాలేజీ నుంచి వచ్చింది. స్కూటరు చక్రాలు తెచ్చిన నీళ్ళు పూత మీద పరుచుకున్నాయి. ఆమె దిగి కర్ర ఆనించింది. కర్ర చివరి రబ్బరు పట్టు దొరక్క సర్రున జారింది. ఆమె పక్కకి పడింది. భుజం, మోచెయ్యి నేలకి కొట్టుకున్నాయి, టిఫినుడబ్బా గేటు దాకా దొర్లిపోయింది. లేవడానికి రెండుసార్లు ప్రయత్నించింది. పట్టుకోవడానికి ఏమీ లేదు. చివరికి, ఇష్టం లేకుండా, "అమ్మా" అని పిలిచింది.

నేను కింద ఉన్నాను. వేలి మందం పూత కూడా లేదు మా మధ్య. అయినా నేను ఆమెకి అందలేదు. ఆ పూట దాని మీద నాకు పుట్టింది అసూయ కాదు, పగ.

ఎముకలేమీ విరగలేదు. కానీ సూర్యప్రకాశం భయపడిపోయాడు. భయపడ్డవాడు పూత సంగతి ఆలోచించాలా? కూతురి సంగతి ఆలోచించాడు. "నువ్వు వచ్చాక హారన్ కొట్టమ్మా. మేమొచ్చి పట్టుకుంటాం. పొద్దున కూడా నేనే ఎక్కిస్తాను" అన్నాడు. ఎంత ప్రేమగా అన్నాడంటే ఆ పిల్ల కాదనలేకపోయింది.

అప్పట్నుంచి అదే వరస. ప్రసూన స్కూటరు లోపలికి తెచ్చి, దాని మీదే కూర్చుని హారన్ కొట్టేది. లోపల కుక్కరు కూస్తుంటేనో, టీవీ మోగుతుంటేనో వినిపించేది కాదు. మళ్ళీ కొట్టేది. మధ్యలో ఆపి, బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, ఊరికే గోడకేసి చూస్తూ కూర్చునేది. కాలేజీలో తొంభైమంది పిల్లల్ని కనుచూపుతో కూర్చోబెట్టే మనిషి, సొంత ఇంట్లోకి వెళ్ళడానికి ఎవరైనా వస్తారా అని ఎదురుచూసేది. హైమావతి చేతులు తుడుచుకుంటూ పరుగెత్తుకొచ్చి రెక్క పట్టుకునేది. "పట్టుకోకమ్మా, పక్కన నడువు చాలు" అంటే ఆవిడ వినేది కాదు. తర్వాత తర్వాత ప్రసూన అనడం మానేసింది. ఆదివారాలు లైబ్రరీకి వెళ్ళేది, అదీ మానేసింది.

ఎండాకాలం వచ్చింది. సముద్రం పక్కనున్న నేలని, నా లోపల చెమ్మ ఎప్పుడూ ఉంటుంది. అది పైకి వస్తుంది, పూతని కింద నుంచి పొడుస్తుంది. పైన సూర్యప్రకాశం ఎర్రటి ఎండలో తిరిగొచ్చి కాలిన టైర్లతో కారు ఆపుతాడు. పూత ముందు బుడగలెత్తింది. ఒకనాడు కారు వెనక్కి తీస్తుంటే టైరుతో పాటు చీలికలుగా లేచొచ్చింది. సూర్యప్రకాశం దిగి చూసి భార్యని కేకేశాడు. హైమావతి వచ్చి చూసింది. లేచిన చోట వంపులు, వంపుల మధ్య చుక్కలు, నాలుగు మూలలా గీతలు.

"అయ్యో, నా పద్మం!" అంది.

ముగ్గుపిండి పడిన చోటల్లా పూతకి నా ఒంటి మీద పట్టు చిక్కలేదు. అక్కడక్కడే, ముగ్గు ఎలా ఉందో అలాగే ఊడింది. వీర్రాజుని పిలిపించారు. "ముగ్గెయ్యమని నేనన్నానాండి?" అన్నాడతను. "వేశాక చూశావు కదయ్యా" అంది ఆవిడ. "ముహూర్తమన్నది సార్ కదండీ" అన్నాడతను. ముగ్గురూ ఒకరి మీదకొకరు తోసుకుంటుంటే నేను కింద పండగ చేసుకున్నాను. దాని రంగు బయటపడిందనీ, ఇక నేనే దిక్కనీ ఎగిరి గంతేసినంత పని చేశాను.

ఈ గొడవంతా ప్రసూన స్కూటరు మీద కూర్చుని వింటోంది. హారన్ కొడితే ఎవరికీ వినిపించలేదు మరి.

"ఈసారి నేను చూసుకుంటాను నాన్నా" అంది.

"నీకెందుకమ్మా ఈ రంగుల గొడవ?"

"దీని మీద నడిచేది నేను. పోయినసారి నన్నొక్క మాట అడిగారా?"

ప్రసూన వీర్రాజుతో మిగిలిన పూతంతా తీయించింది. నా మీద ఒక ప్లాస్టిక్ ముక్క పరిచి అంచులు టేపుతో అతికించి, మర్నాడు ఎత్తి చూసింది. కింద నీటిబొట్లు కనిపించాయి. "ఇంకా ఆరాలి" అని పని ఆపించింది. తల్లితో, "ముగ్గు గేటు బయట వెయ్యమ్మా, పూత గట్టిపడ్డాక లోపల నీ ఇష్టం" అని ఒప్పించింది. చెమ్మ తగ్గాక, గోడ పక్కన మూడు చాపలంత మేర మాత్రం చెమ్మని ఆపే పొర వేయించి, దాని మీద మూడు రకాల పూతలు పూయించింది. ఒకటి పాత మెరుపుదే. ఒకటి రంగు రేకులు చల్లినది. ఒకటి పచ్చిగా ఉన్నప్పుడు తెల్లటి గట్టి ఇసక చల్లి, పైన ఇంకో పూత పోసినది. వాటి పక్కన కాస్త చోటు ఏమీ పూయకుండా వదిలెయ్యమంది. అది నేను.

ఆరాక నాలుగింటి మీదా సబ్బునీళ్ళు కుమ్మరించింది. కర్ర తీసుకుంది. సూర్యప్రకాశం పట్టుకోవడానికి చేతులు చాపి పక్కనే నిలబడ్డాడు.

"చేతులు దించండి నాన్నా. పడితే తెలియాలి."

మెరుపు పూత మీద కర్ర ఆనించగానే జారింది. గోడ పట్టుకుంది. రేకుల పూత కాస్త నయం, కానీ మడమ పట్టు తప్పింది. ఇసక పూత మీద ఆమె బరువంతా కర్ర మీద వేసి, అటూ ఇటూ ఊపి చూసింది. కర్ర పాతుకుపోయినట్టు నిలబడింది.

అప్పుడు నా మీదకి వచ్చింది. ఇన్నేళ్ళు మోసినదాన్ని, చూపిస్తాను వీళ్ళకి అనుకున్నాను. ఆమె కర్ర ఆనించింది. నన్ను రుద్దినా అంబాసిడరు నూనె లోలోపలికి దిగిపోయి ఉంది కదా. తడికి ఆ నూనె ఊరింది. కర్ర మెల్లగా, సిగ్గులేకుండా, జారింది.

"అదేంటి, పాత నేల మీద ఏనాడూ పడలేదుగా నువ్వు?" అన్నాడు సూర్యప్రకాశం.

"చాలాసార్లు జారాను నాన్నా. అందుకే గోడ పక్కన నడిచేదాన్ని. సగంలో ఆగి చెయ్యి ఆనించుకుంటే గానీ ముందుకు వచ్చేదాన్ని కాదు. చెబితే స్కూటరు మానిపిస్తారని చెప్పలేదు."

ఆయన ఆ తడిలోనే కూలబడ్డాడు. నేను కూలబడటానికి ఇంకా కిందికి చోటు లేదు. మమకారం అనుకున్నాను నేను. ఇన్నేళ్ళు ఆ పిల్ల నా మీద భయంతో నడిచింది.

"ఇసక చల్లితే మెరుపు ఉండదండి అమ్మాయిగారూ. తుడవడం కూడా కష్టమే" అన్నాడు వీర్రాజు.

సూర్యప్రకాశం ఒక్కసారి గేటుకేసి చూశాడు. "మీ పెదనాన్న చూస్తే ఏమంటాడో..." అని గొణిగాడు.

"పెదనాన్న ఏడాదికోసారి వస్తారు. నేను రోజూ వస్తాను."

ఆయన లేచి నిలబడ్డాడు. పంచె పిండుకుంటూ, "ఇసకదే వెయ్యి వీర్రాజూ. షెడ్డంతా" అన్నాడు.

వేశారు. ఈసారి నన్ను మళ్ళీ రుద్ది, నూనె మరక ఉన్న మేర నాలుగైదుసార్లు మందుపెట్టి కడిగి, ఎండబెట్టి, చెమ్మని ఆపే పొర వేసి, దాని మీద తొందర పడకుండా వేశారు. ఇది మెరవదు. లైటు వేస్తే కింద ఇంకో లైటు వెలగదు. తోడల్లుడు వచ్చి చూసి, "ఇదేంటి తమ్ముడూ, గరుకుగా ఉందే" అన్నాడు. "అవును, గరుకే" అన్నాడు సూర్యప్రకాశం.

నాకు మాత్రం ఇప్పుడు ఎండ లేదు, గాలి లేదు. నన్ను ఎవరూ చూడరు, ఇక చూడబోరు కూడా. పోయినేడు పూతకి మెరుపుంది కాబట్టి తిట్టుకోవడానికి నాకు వీలుండేది. దీన్ని ఏమని తిట్టను? నాకు చేతకాని పని ఇది చేస్తోంది. అసూయల్లో ఇంతకంటే పాడు అసూయ లేదు.

నిన్న పెద్ద వాన పడింది. ప్రసూన తడుస్తూ వచ్చింది. హారన్ కొట్టలేదు. స్కూటరు దిగింది. కర్ర చప్పుడు టకటకా గోడ దగ్గర నుంచి కాదు, షెడ్డు నడిమధ్య నుంచి వినిపించింది. ఒక చేతిలో టిఫినుడబ్బా, భుజాన బ్యాగు. ఎక్కడా ఆగలేదు. లోపల హైమావతి, "ఎప్పుడొచ్చావే? చప్పుడే లేదు!" అని ఆశ్చర్యపోయింది.

ఆ కర్ర బరువు పూత దిగి నా దాకా వచ్చింది, మెత్తగా, దూరంగా. ఆమె నడిచింది దాని మీదే, నా మీద కాదు. కింద నుంచి చెమ్మ ఎప్పటిలాగే పైకి తోసుకొచ్చింది. పూతని పొడిచి లేపేద్దాం, పోయినసారి లేపలేదూ అంది. నేను దాన్ని లోపలే అదిమిపెట్టాను. నేను వదిలితే ఈ పూత లేస్తుంది. పూత లేస్తే ఆ పిల్ల మళ్ళీ స్కూటరు మీద కూర్చుని హారన్ కొట్టాలి. అందుకని పూతని గట్టిగా పట్టుకున్నాను, చచ్చేంత అసూయతోనే.